ఎక్కువసేపు ఉంచిన నీళ్లు

పార్సిల్ కౌంటర్లో ఇరవై రెండేళ్లుగా ఆమె పని బరువులు చూడటం. పెట్టె చేతిలోకి తీసుకోగానే "కిలోన్నర" అనేది. తర్వాత కాటా కూడా అదే మాట చెప్పేది. తోటి గుమాస్తాలు ఆమెను కాటా అక్క అనేవాళ్లు. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే. దేనికైనా ఒక బరువుంటుందని, ఎంతసేపు పక్కన పెట్టినా అది మారదని ఆమె నమ్మకం.

మూడేళ్ల కిందట, గోడలకు రంగులేసే తమ్ముడి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. అప్పటినుంచి అతను ఆమె రెండు గదుల ఇంట్లోనే ఉంటున్నాడు. బొడ్డు పక్కన ఒక సన్నని గొట్టం. రోజుకు నాలుగుసార్లు, మేకుకు తగిలించిన సంచిలోంచి చక్కెర కలిపిన మందు నీళ్లు రెండు లీటర్లు ఆ గొట్టం గుండా పొట్టలోకి దిగుతాయి. నాలుగు గంటలు లోపల నిశ్శబ్దంగా ఉంటాయి. ఆ తర్వాత నేలమీది ఖాళీ సంచిలోకి, లేత పసుపు వెలుతురులా, ఒంట్లోని మలినాలు మోసుకుంటూ తిరిగొస్తాయి. వాటి వెంట ఒంట్లో నిలిచిపోయిన నీరు కూడా రావాలి. రెండు కిలోలు పోస్తే రెండు కిలోల నాలుగొందల గ్రాములు రావాలి. ఆ పైబరువు మీదే తమ్ముడి ఊపిరి నడుస్తోంది.

మధ్యాహ్నం సంచి కోసం ఆమె కౌంటర్ మూసి, భోజనం మానేసి ఇంటికి పరుగెత్తేది. కిటికీ మూసి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, మూతికి మాస్కు కట్టుకునేది.

"ఏమక్కా, ఈ పార్సిల్ ఏ ఊరికి?" అనేవాడు తమ్ముడు, నిండుతున్న సంచిని చూస్తూ.

"కదలకుండా పడుకో. గొట్టం మడతపడుతుంది."

"రసీదు ఇవ్వందే పంపను. మీ ఆఫీసు సంగతి నాకు తెలీదా."

రెండు నెలలుగా పైబరువు తగ్గుతూ వచ్చింది. మూడొందలు, రెండొందలు, వంద. తమ్ముడి చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట, తడి మట్టి మీద అడుగులా, చాలాసేపు ఉండిపోతోంది. పడుకోవడానికి తలకింద రెండు దిండ్లు కావలసి వస్తున్నాయి.

ఆమె తనకు తెలిసిన లెక్కే వేసింది. నాలుగు గంటలకు వంద గ్రాములొస్తే, పది గంటలుంచితే ఇంకా చాలా రావాలి కదా. అంతేకాదు, మధ్యాహ్నం పరుగు తప్పుతుందని కూడా అనుకుంది. అలా అనుకున్నట్టు తమ్ముడికి చెప్పలేదు. మధ్యాహ్నం సంచి మానేసి, పొద్దున పోసిన నీళ్లను సాయంత్రం దాకా ఉంచింది. మూడు రోజుల పాటు కౌంటర్లోనే కూర్చుని, చాన్నాళ్ల తర్వాత నిదానంగా అన్నం తింది.

మొదటి సాయంత్రం సంచి ఎత్తగానే చెయ్యి తేలిపోయింది. కిలో ఎనిమిదొందల యాభై. పోసినదానికంటే తక్కువ. కాటా పాడైందనుకుని ఉప్పు ప్యాకెట్ పెట్టి చూసింది. సరిగ్గా కిలో. తన లెక్క తప్పదని మరో రెండు రోజులు అలాగే ఉంచి చూసింది, రెండుసార్లూ సంచి తక్కువే తూగింది.

"మిగతాది నేను దాచుకున్నాలే," అన్నాడు తమ్ముడు. అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

నాలుగోరోజు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లింది. వాళ్లు పరీక్షలు చేశారు. నర్సమ్మ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"ఆ నీళ్లను ఎవరూ లాగరమ్మా. పొట్టలో పల్చటి పొర ఉంటుంది. అటువైపు రక్తం, ఇటువైపు చక్కెర నీళ్లు. ఎటు చిక్కగా ఉంటే నీళ్లు వాటంతటవే అటు నడుస్తాయి. కానీ చక్కెర కూడా ఒకచోట ఊరుకోదు, మెల్లగా రక్తంలోకి జారుకుంటుంది. ఇటు పల్చబడిపోయాక నీళ్లకు ఇక్కడ పనేముంది? వచ్చినవి కూడా వెనక్కి వెళ్లిపోతాయి."

"చక్కెర ఎక్కువున్న సంచి వేస్తే?"

"ఆ పొర అలిసిపోయిందమ్మా. చక్కెరను ఇట్టే వదిలేస్తోంది. ఇక యంత్రం మీద రక్తం శుభ్రం చేయించాల్సిందే. సోమవారం చోటు ఖాళీ అవుతుంది. అప్పటిదాకా ఒక్కో సంచి రెండు గంటలే ఉంచండి. తాగే నీళ్లు రోజుకు అర లీటరు మించకూడదు. ఆయాసం పెరిగితే ఒక్క నిమిషం ఆగకుండా తీసుకొచ్చేయండి."

"ఆ మూడు రోజులూ నేనే..."

"పొర అంతకుముందే పాడైంది," అంది నర్సమ్మ. "ఆ మూడు రోజులూ కొంచెం నీరు కలిపాయి, అంతే."

ఆమె సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. పనంతా ఆ పొరదే, తనెంత తోసినా, బతిమాలినా అది వినదు. మధ్యాహ్నం రెండు గంటలు కాగానే సంచి దింపి తూచింది. రెండు కిలోల నలభై గ్రాములు. మళ్లీ తూచలేదు.

"అక్కా, ఒక్క గుక్క నీళ్లు."

"ఇవాళ్టివి అయిపోయాయిరా."

"రేపటి కోటాలోంచి ఇయ్యి."

ఆమె అతని ఎండిన పెదవులు చూసింది. లేచి, గ్లాసు అడుగు తడిసేంత పోసి ఇచ్చింది. అతను ఆ నీళ్లు నోట్లో పోసుకుని మింగకుండా, బుగ్గలో అటూ ఇటూ తిప్పుకుంటూ, కళ్లు ఆమె వైపు ఎత్తాడు.

"మింగు," అంది.