గులాబీ కాని కొండ

నా చిన్నప్పుడు, మేము అమెరికాలోని పార్సిప్పనీకి వచ్చిన మొదటి చలికాలంలో, బడి నుంచి వచ్చాక నన్ను కనిపెట్టుకుని ఉండడానికి పక్కింటి బామ్మ తప్ప ఎవరూ లేరు. అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి వచ్చేసరికి చీకటి పడేది. బామ్మది ఇటలీ. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని, పెద్దగా మాట్లాడుకోకుండా, పార్కింగ్ లాట్‌లో కురిసే మంచును చూస్తుండేవాళ్ళం.

బళ్ళో నా పేరు పలకడం ఎవరికీ వచ్చేది కాదు. వెన్నెల కాస్తా వనిల్లా అయింది. భోజనాల గదిలో ఐస్‌క్రీమ్ అని నవ్వేవారే గాని, నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. అమ్మకి చెబితే, "వాళ్ళకి నోరు తిరగదమ్మా, కొంచెం అడ్జస్ట్ చేసుకో" అంది. విసిగిపోయి ఒకరోజు బామ్మతో, ఇకనుంచి నన్ను నెల్లీ అని పిలవమన్నాను.

ఆవిడ గోడ మీది ఫోటో తీసి నా ఒళ్ళో పెట్టింది. ఇటలీకీ స్విట్జర్లాండ్‌కీ సరిహద్దులో ఉన్న తెల్లటి కొండ. దాని కిందే ఆవిడ పుట్టిన ఊరు.

"దీని పేరు మోంటే రోజా. రోజా అంటే ఏమిటనుకుంటున్నావు?"

"గులాబీ" అన్నాను.

అందరూ అలాగే అనుకుంటారట. పొద్దుటెండ పడితే కొండంతా గులాబీ రంగుకు తిరుగుతుంది కాబట్టి నమ్మడమూ తేలికే. కానీ వాళ్ళ లోయ భాషలో 'రూయిజ్' అంటే ఏడాది పొడవునా కరగని మంచు. బయటివాళ్ళ చెవికి అది రోజాలా వినబడింది. అదే నిలిచిపోయింది.

"మీకు కోపం రాలేదా?"

"ఎవరి మీద? మా తమ్ముడున్నన్నాళ్ళూ ఫోన్‌లో ఆ భాష మాట్లాడేదాన్ని. వాడూ పోయాడు. ఇప్పుడా మాట అన్నా వినేవాళ్ళు లేరు. ఇవాళ నువ్వు విన్నావు."

తర్వాత నా పేరు సరిగ్గా చెప్పమంది. నా పెదవులకేసి చూస్తూ వెనేలా అంది, వెన్నిలా అంది. ఆవిడ తడబడినప్పుడల్లా నేను నవ్వాను, ఆవిడా నవ్వింది. నేను కూడా రూయిజ్ అనడం నేర్చుకున్నాను. అమ్మ తలుపు తట్టినప్పుడు, "వెన్నెలా, మీ అమ్మ వచ్చింది" అని బామ్మ స్పష్టంగా పిలిచింది. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

మర్నాడు కూడా ఒంటరిగానే భోంచేశాను. కానీ వనిల్లా అంటే పలకడం మానేశాను.

బామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇరుగుపొరుగున, ఈ దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలు తమ పేర్లను తామే తుంచుకుని, "ఇలా పిలవండి ఆంటీ, ఈజీగా ఉంటుంది" అంటుంటారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుంటాను.

"నాకేం తొందర లేదు. పూర్తిగా చెప్పు" అంటాను.