అక్క వదిలేసిన చారల చేప

పోయిన మంగళవారం పొద్దున బావగారు ఫోన్ చేశారు. “మీ అక్క లేదమ్మా. నిద్రలోనే వెళ్లిపోయింది,” అన్నారు. తర్వాత ఆయనే, “గరాజ్ నిండా ఆ గేలాలున్నాయి. వాటినేం చెయ్యాలో నాకు తెలీదు. నువ్వు వచ్చి చూడు,” అన్నారు.

ఆమె నాకు తోడికోడలు, మావారి అన్నగారి భార్య. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ ‘అక్కా’ అనే పిలిచాను. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసేది. మనవాళ్లు ఆమెను తలుచుకుంటే ముందు చెప్పేది మాత్రం చేపల సంగతే. గోదావరి పక్కన పుట్టిన మనిషి. ఇక్కడి దుకాణంలో ఐసు ముక్కల మీద పడుకోబెట్టిన చేపను చూసి, “ఇది పోయి ఎన్నాళ్లయిందో,” అనేది. ఆసుపత్రిలో ఒక నర్సు ఆమెను మొదటిసారి చేపలు పట్టడానికి ఏటికి తీసుకెళ్లిందట. ఆ తర్వాత సెలవు రోజున అక్క ఇంట్లో దొరకడం తక్కువ.

నేను డెబ్బైల చివర్లో అమెరికా వచ్చాను. మా కాపురం జెర్సీ సిటీలో, నాలుగో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో. మొదటి చలికాలంలోనే అయిదో నెల కడుపు పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా మళ్లీ వస్తుందిలే అని చెప్పి, కాఫీ తాగి వెళ్లేవాళ్లు. నేను వంట మానేశాను. కిటికీ దగ్గర కూర్చుని కింద పోయే కార్లు చూస్తుండేదాన్ని.

ఏప్రిల్‌లో ఒక శనివారం, ఇంకా తెల్లవారకముందే అక్క తలుపు కొట్టింది.

“స్వెటర్ వేసుకో. బూట్లు నావి తెచ్చాను.”

“ఎక్కడికక్కా?”

“ట్రౌట్ చేపలు పట్టే సీజన్ ఈరోజే ఓపెన్ చేస్తున్నారు. లేటయితే చోటు దొరకదు.”

దారిలో తన గురించి ఒక్కటే చెప్పింది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “నాకూ రెండు పోయాయే. మీ బావగారికి తప్ప ఎవరికీ తెలీదు.” తర్వాత రేడియో పెట్టింది.

చేపల పెంపకం వాళ్లు లారీల్లో తెచ్చి వదిలిన ట్రౌట్‌ల కోసం ఏటి గట్టున మనుషులు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. అంతమందిలో చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అక్క ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు తొడుక్కుని నీళ్లలోకి దిగింది. నాకు గట్టు మీద రాయి చూపించి, గేలం చేతికిచ్చింది. చాలాసేపటికి నా గేలం దారం లాగింది. పైకి వచ్చిన చేప జానెడు కన్నా కాస్త పెద్దది. ఒళ్లంతా చుక్కలు.

“చెయ్యి తడుపుకుని పట్టుకో. పొడి చేత్తో పడితే దాని ఒంటి మీద జిగురు ఊడిపోతుంది,” అంది అక్క.

తడి చేతుల్లో అది కొట్టుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. అక్క నా వైపు చూడలేదు. నీళ్లలోకే చూస్తూ నిలబడింది. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాక, “వదిలేద్దామా, తీసుకెళ్దామా? నీ ఇష్టం,” అంది.

“తీసుకెళ్దాం,” అన్నాను.

ఆ మధ్యాహ్నం ఉప్పూ కారం పట్టించి వేయించింది. ముళ్లు కూడా చప్పరించి తిన్నాను. అన్ని నెలల్లో ఆకలేసి తిన్నది ఆరోజే.

ఆ తర్వాత మా ఏడాది చేపల ప్రకారం నడిచింది. వసంతంలో ఏరు. జూలైలో నీళ్లు వేడెక్కగానే అక్క ట్రౌట్ మానేసేది. “ఇప్పుడు దానికి ఊపిరాడదు. ఐసీయూలో పేషెంటును పరిగెత్తించినట్టే,” అనేది. ఆకులు ఎర్రబడితే సముద్రం. చలికాలంలో బేస్‌మెంట్‌లో కూర్చుని గేలాల దారం చుట్టే రీళ్లు విప్పి నూనె వేసేది, నేను బఠాణీలు ఒలుస్తూ కబుర్లు చెప్పేదాన్ని. మా అమ్మాయి కడుపులో పడ్డ ఏడు మాత్రం అక్క నన్ను నీళ్ల దగ్గరికి రానివ్వలేదు.

సముద్రంలో ఆమెకు కావలసింది స్ట్రైప్డ్ బాస్. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లటి చారలు. దాని కండ మన పండుగప్పలా ఉంటుందని పులుసుకు అదే కావాలనేది. అయితే ఎనభైలు వచ్చేసరికి అవి తగ్గిపోయాయి. ఒడ్డున ముసలివాళ్లు రోజంతా నిలబడి ఉత్త చేతులతో వెళ్లేవాళ్లు.

అలాంటి ఒక దీపావళికి బావగారు తెలుగువాళ్లందరినీ భోజనానికి పిలిచి, చేపల పులుసని ముందే చెప్పేశారు. ఆ పొద్దున ఇద్దరం చింతపండు నానబెట్టి బయల్దేరాం. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఇక వెళ్దామనుకుంటుండగా అక్క గేలం కర్ర వంగింది. అలల్లోంచి లాక్కొచ్చేసరికి ఇద్దరికీ రొప్పు వచ్చింది. అంత పెద్ద చేపను నేను మళ్లీ చూడలేదు.

అక్క తడి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని గేలం తీసింది. “ఇంత పెద్దదంటే ఆడదే. వసంతంలో నదిలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది,” అంది.

“అక్కా, ఇంటినిండా జనం వస్తున్నారు. చింతపండు కూడా నానబెట్టాం.”

“చింతపండుదేముందే. పప్పుచారు పెడదాం.”

చేపను రెండు చేతుల మీద ఎత్తుకుని నడుము లోతు నీళ్లలోకి వెళ్లింది. దాని మూతిని అలకు ఎదురుగా పెట్టి, అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ నిలబడింది. అంతసేపూ తన చూపు దాని మొప్పల మీదే. ఆసుపత్రిలో మత్తు దిగుతున్న మనిషిని కూడా అలాగే చూస్తుందేమో అనుకున్నాను. చివరికి తోక ఒకసారి గట్టిగా కొట్టి, అది వెళ్లిపోయింది.

ఇంటికెళ్లగానే బావగారు, “చేపేదీ?” అన్నారు.

“సముద్రంలో ఉంది,” అంది అక్క.

వచ్చినవాళ్లు పప్పుచారూ వడియాలూ తిని, బాగుందనే వెళ్లారు. బావగారు రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత కొన్నేళ్లకు ఆ చేపను పట్టడం మీద చట్టాలు బాగా బిగించారు. ఆ వార్త బావగారే పేపర్లో చూసి చదివి వినిపిస్తే, “ముందే చెయ్యాల్సింది,” అని ఊరుకుంది.

పోయిన అక్టోబరులో ఇద్దరం ఆఖరిసారి సముద్రానికి వెళ్లాం. అప్పటికే జబ్బుకు వాడుతున్న మందులతో నీరసపడి, ఇసుకలో నడవలేకపోయింది. కారును సముద్రానికి ఎదురుగా పెట్టి హీటర్ వేశాను.

“నువ్వెళ్లు. నేనిక్కణ్ణించి చూస్తా,” అంది.

నేను గేలం విసిరాను. ఏమీ పడలేదు. కాసేపటికి సన్నగా వాన మొదలైంది. వెనక్కి తిరిగి చూశాను. కారు అద్దం వానకు మసకబారి, లోపల మనిషి ఆనవాలు తెలియడం లేదు. అంతలో వైపర్లు కదిలాయి. అవి తుడిచినప్పుడల్లా శాలువా కప్పుకుని ముందుకు వంగి కూర్చున్న అక్క ముఖం ఒక్క క్షణం కనిపిస్తోంది. మళ్లీ చినుకులు పడుతున్నాయి, మళ్లీ వైపర్లు తుడుస్తున్నాయి.