చెక్కపెట్టె చేతులు మారిన సోమవారం

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నన్ను నా తెలివి నుంచి విడిపించిన దేవునికే మహిమ! నవ్వకండి. ఆయన కొందరిని రోగం నుంచి విడిపించాడు, కొందరిని సారా నుంచి విడిపించాడు, నన్ను మాత్రం ఒక చెక్కపెట్టె నుంచి విడిపించాడు. నిలబడి చెప్పే ధైర్యం లేదంటే, పాస్టరుగారు మన పత్రికకు రాసి ఇమ్మన్నారు.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్నారు. అలాంటి ఒక మేడలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో తాత్కాలిక సిబ్బందిని పిలిపించే పని నాది. నెల రోజులకు టైపు చేసేవాళ్లు కావాలన్నా, ఒక్క పూటకు వంటవాళ్లు కావాలన్నా నేనే వెతకాలి. నేను చదివింది పదో తరగతే అయినా, మా పేట గ్రంథాలయంలో పన్నెండేళ్లు కూర్చుని అలమార తర్వాత అలమార చదివినవాణ్ణి, ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. అక్కడ పుస్తకానికొక కార్డు ఉన్నట్టే నేను మనిషికొక కార్డు రాసి, వర్గాలుగా విభజించి, నంబర్లు వేసి, ఒక చెక్కపెట్టెలో పేర్చాను. ఆ నంబర్ల అర్థం నాకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు, అదే నా అతిశయం!

ఆ పెట్టె వల్ల నాకు బీపీ వచ్చింది. ఎవరైనా ముట్టుకుంటారేమోనని ఆరాధనకు కూడా దాన్ని చంకలో పెట్టుకుని వచ్చేవాణ్ణి, కానుకల పెట్టె అనుకుని ఒక ముసలమ్మ అందులో రూపాయి బిళ్ల వేసింది కూడా. నా భార్య సుగుణ అయితే, "దానికీ బాప్తిస్మం ఇప్పించండి, ఓ పనైపోతుంది," అనేది.

ఇలా ఉండగా ఒక బుధవారం మా మేనేజరుగారు పిలిచారు. "ఏమండీ దేవదానంగారూ, ఈ పని బయటి ఏజెన్సీకి ఇద్దామనుకుంటున్నాం. మనుషుల్ని పంపడం, ఎవరైనా రాకపోతే బదులు మనిషిని చూడడం, అంతా వాళ్లదే." నా ఉద్యోగం పోయినట్టే! బతిమాలాను. "సరేనండి, సోమవారం తొమ్మిదికి నలభైమంది డేటా ఎంట్రీవాళ్లు కావాలి. వస్తే ఈ పని మీదే. రాకపోతే ఏజెన్సీది," అన్నారు.

ఆ సాయంత్రం మోకరించాను. "ప్రభువా, ఆ ఏజెన్సీవాళ్ల కాలు మా గేటు లోపల పడనీయకు. వాళ్ల స్కూటరు చెడిపోవాలి. దెబ్బలు మాత్రం తగలనీయకు తండ్రీ!" తర్వాత పెట్టెలోంచి నలభై కార్డులు తీసి, సోమవారం పనికి రమ్మని నలభైమందికీ పోస్టుకార్డులు రాశాను.

సహోదరులారా, నలభైమందీ వచ్చారు! పదకొండుమంది టైపు చేసేవాళ్లు. మిగతా ఇరవైతొమ్మిదిమందీ గరిటెలతో, పెద్ద పెద్ద వంటగిన్నెలతో వచ్చారు. ముందున్న పుప్పాలగూడ పెంటయ్య నా పోస్టుకార్డు చూపించి, "సార్, గింతమందిని పిలిచినవంటే దావత్ గట్టిదే. దేగిసలు ఏడ దించాలె?" అన్నాడు.

జరిగిందేమిటంటే, నా శాస్త్రంలో పనులు మూడు వర్గాలు: తలతో చేసేవి, కాళ్లతో చేసేవి, చేతులతో చేసేవి. టైపూ చేతులతోనే, వంటా చేతులతోనే! నేను కంగారులో నంబరు చూశాను గాని మనిషిని చూడలేదు.

చీపుర్లు పెట్టే గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. "ప్రభువా, బుధవారం నాటి ప్రార్థన వాపసు తీసుకుంటున్నాను. ఆ స్కూటరు బాగుచెయ్యి!"

బయటికి వచ్చేసరికి మేనేజరుగారు ఫోన్ చేసి పిలిపించిన ఏజెన్సీ మంజులమ్మ గేటులో స్కూటరు దిగుతోంది. నానక్‌రామ్‌గూడ మనిషి. "ఏందన్నా గిట్ల చెమటలు పట్టినయ్? ఫికర్ చేయకు. గా గుట్ట కాడ బండి ఆగిపోయింది, ఎంత తన్నినా లేవలే. ఇగ జర సేపటికి దానంతటదే చాలూ అయింది." నేను పైకి చూసి రెండు చేతులూ జోడించాను.

ఆమె ఫోన్ దగ్గర కూర్చుని నిజాంపేట హాస్టళ్లకూ, టైపు ఇన్‌స్టిట్యూట్లకూ చేస్తూ పోతే, మధ్యాహ్నానికి ఇరవైతొమ్మిదిమంది వచ్చి కూర్చున్నారు. మేనేజరుగారు నవ్వు ఆపుకోలేక, ఎలాగూ వచ్చారు కదాని పెంటయ్య బృందంతో అందరికీ వంట చేయించారు. నేను పెట్టెను తెచ్చి, ఇక ఇది మీదేనని మంజులమ్మ ముందు పెట్టాను. ఆమె కార్డులు ఒక్కొక్కటే తిప్పి, "మంచిగ రాసినవన్నా. ఎవరిది ఏ ఊరు, ఎవరికి ఏమొస్తది, అన్నీ ఉన్నయ్. నంబర్లే సమజైతలేవు," అని, మేనేజరుగారి వైపు తిరిగింది. "సార్, మీకు ఎవరు కావాల్నో మాకు చెప్పనీకి లోపల ఒక మనిషి ఉండాలె. గీ అన్ననే ఉంచుండ్రి." మేనేజరుగారు సరేనన్నారు.

ఎవరు గేటు దాటి లోపలికి రాకూడదని నేను మోకరించానో ఆమె నోటితోనే దేవుడు నా ఉద్యోగం నిలబెట్టాడు! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. బీపీ తగ్గింది. ఇప్పుడు ఆదివారాలు నా చంకలో బైబిలు ఒక్కటే ఉంటుంది. ముసలమ్మ రూపాయి కూడా కానుకల్లో వేసేశాను.

కాబట్టి ప్రియులారా, ఎవరినీ ముట్టుకోనివ్వని పెట్టె ఏదైనా మీ చంకలో ఉంటే, నంబర్లతో సహా ఆయనకు ఇచ్చేయండి. ఏం అడగాలో తెలియకపోయినా భయపడకండి. నేను బుధవారం అడిగింది ఆయన ఇచ్చి ఉంటే, ఈరోజు నాకు కుర్చీ ఉండేది కాదు. ఇవ్వనందుకు ఆయనకు స్తోత్రం!