డేనియల్ సార్ గాలిబండి

మొన్న డోన్‌లో రైల్వే గేటు పక్కన పంక్చర్ షాపులో కూర్చున్నాను. షాపతను నా స్కూటర్ టైరు వాల్వు నొక్కాడు. ఉస్సుమని గాలి బయటికొచ్చి నా మోకాలికి చల్లగా తగిలింది. నాకు తెలియకుండానే బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను.

"ఏంది సార్, లేస్తిరి? గాలికి బయపడ్తిరా?" అని నవ్వాడతను.

నేను దేనికి లేచానో చెప్పాలంటే డేనియల్ సార్ గురించి చెప్పాలి. ఆయన్ను చూడని వాళ్ళకు ఆయన్నెలా చూపించాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

మాది డోన్‌కు దగ్గరలో నాపరాయి గనుల పల్లె. ఆ గనులు ఒకప్పుడు మావే. ఊళ్ళో మా ఇంటిని పెద్దిల్లు అనేవారు. మా జేజినాయనకు, అంటే తాతకు, నల్లటి కారుండేది. అది గనుల దిగువనున్న షెడ్డు నుంచి వీధి మలుపుకు రాగానే డ్రైవరు హారన్ కొట్టేవాడు. ఆ చప్పుడు వింటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా దిగి నిలబడేవారు. కారు దాటిపోయేదాకా ఎవరూ కూర్చునేవారు కారు. జేజినాయన వాళ్ళవైపు చూసేవాడు కాదు. వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుని నేనూ చూడకుండా ఉండటం నేర్చుకున్నాను. అది గొప్ప అని నాకెవరూ చెప్పలేదు. ఊపిరి పీల్చడం ఎవరైనా చెబితే నేర్చుకుంటామా?

గనులు పోయాయి, పొలాలు పోయాయి. నేను డోన్‌లో సిమెంటు కొట్టులో గుమాస్తాగా చేరాను. కారు మాత్రం షెడ్డులో మిగిలింది. దాని ఇంజిను ఎప్పుడో పాడైంది. సుంకులమ్మ జాతరలో మొదటి టెంకాయ మా ఇంటివాళ్ళ చేతికివ్వడం ఆచారం. దాన్ని అందుకోవడానికి వీధిలో నడుచుకుంటూ వెళ్ళడం నావల్ల కాలేదు. అందుకని జాతరకు వెళ్ళడమే మానేశాను. ఏదో ఒక ఏడు అదే కారులో, అదే వీధిలో వెళ్ళి ఆ టెంకాయ అందుకోవాలి. అప్పట్లో నాకున్న కోరిక అదొక్కటే.

డేనియల్ సార్ది మా ఊరే, చర్చి వైపు ఇళ్ళు. కర్నూలు పాలిటెక్నిక్‌లో నాకు యంత్రాల పాఠం చెప్పిన మాస్టారు. రిటైరై ఊరికి తిరిగొచ్చాడు. ఉబ్బసం మనిషి. నాలుగు మాటలాడితే ఛాతీలో పిల్లనగ్రోవి మోగేది. ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్లచొక్కాతోనే షెడ్డుకు వచ్చి కారు చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా శేషూ, దీన్ని సమాధి చేసినావా?"

"ఇంజిన్ పోయింది సార్. బాగు చేయించినా పెట్రోలు పోయించలేను."

"ఇంజిన్ పోతే పోనీ. నాకియ్యి, గాలితో నడిపిస్తా."

"ఊళ్ళో మా ఇంటిని నవ్వులపాలు చేస్తారా?"

"దాని చప్పుడు వినపడితే గదప్పా, నవ్వేది!"

సార్ ఎండాకాలమంతా షెడ్డులోనే ఉన్నాడు. వెనక సీటు తీసేసి లావుపాటి ఇనుప సిలిండర్లు బిగించాడు. గనిలో రాళ్ళకు రంధ్రాలు వేసే యంత్రం తాలూకు గాలిమోటారును ముందు పెట్టాడు. కరెంటు కంప్రెసర్‌తో సిలిండర్లలోకి గాలిని కుక్కితే, ఆ గాలి విచ్చుకునేటప్పుడు మోటారును తిప్పుతుంది. పొగ ఉండదు, నిప్పు ఉండదు. "గాలి ఊరికే దొరుకుతాదప్పా, దాన్ని నొక్కేదానికే కరెంటు గావాల. శానా దూరం పోదు. మీ వీదికి సాలు," అనేవాడు. నింపడం పూర్తయ్యాక సిలిండరుకు చెవి ఆనించి, గర్భిణి కడుపు మీద చెవి పెట్టినట్టు, కాసేపు అలాగే ఉండిపోయేవాడు.

మొదటిసారి మోటారు తిరిగిన రోజు నాకింకా గుర్తుంది. బయట ఎండకు నాపరాళ్ళు పెనాల్లా కాలుతున్నాయి. కారు వెనక గొట్టం మాత్రం తెల్లగా మంచు పట్టింది. నేను వెనక్కి జరిగాను.

"తాకు, దయ్యం గాదులే," అన్నాడు సార్. "బిగబట్టిన గాలి విచ్చుకుంటే సల్లబడతాది. అంతే."

తాకాను. వేలు అంటుకుపోయింది. లాక్కుంటే చర్మం కొంచెం అక్కడే ఉండిపోయింది.

జాతర రోజు మిట్టమధ్యాహ్నం పట్టుపంచె కట్టి స్టీరింగు ముందు కూర్చున్నాను. సార్ పక్క సీట్లో కూర్చున్నాడు. కారు కదిలిందని గోడలు కదిలితేనే తెలిసింది. మలుపు దగ్గర హారన్ నొక్కాను. మోగలేదు.

"దానికి వైరు ఇయ్యల్యాప్పా," అన్నాడు సార్, ముందుకే చూస్తూ.

వీధిలోకి వచ్చాం. అరుగుల నిండా జనం. ఎవరూ లేవలేదు. వాళ్ళకు వినపడలేదు. అడ్డంగా పడుకున్న మేక కూడా కదలకపోతే పక్కకు తిప్పాను. ముసలి ఓబులమ్మ మాకు వీపు పెట్టి, పక్కనే అటు తిరిగి కూర్చున్న తోడికోడలికి ఆకూవక్కా ఇస్తోంది. ఆ అరుగు పక్కనుంచి మనిషి నడకంత నెమ్మదిగా పోతున్నాం. వాళ్ళ మాటలు నా చెవి పక్కనే వినిపించాయి.

"ఈసారి టెంకాయ ఎవురికిస్తారే?"

"ఎవురికో ఒగరికి. పెద్దింట్లో ఎవురుండారని?"

"ఆ పిల్లోడుండల్యా, శేషు?"

"ఉండాడా? పోయినాడనుకుంటినే!"

"ఉన్నా ల్యాకున్నా ఒగటేలే. ఆకు మడిసియ్యి."

అరుగు చివర కునుకుతున్న ఒకాయన కళ్ళు తెరిచాడు. నన్ను నేరుగా చూశాడు. కలలో కనిపించినదాన్ని చూసినట్టు చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. అద్దంలో నా ముఖం ఉందో లేదో చూసుకున్నాను.

గుడి దగ్గరికి వెళ్ళేసరికి టెంకాయ ఇంకెవరి చేతిలోనో ఉంది. నేను కారు దిగలేదు. వెనక్కి తిప్పేశాను.

షెడ్డులో అడిగాను. "హారన్ కావాలనే తీసేశారు కదా సార్?"

ఆయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "మా నాయన ఆ వీదిలో నిలబడేటోడప్పా. ఆయన చెయ్యి పట్టుకోని నేనూ నిలబడినా. మీ జేజినాయన మొగం మాకు బాగా తెలుసు. మా మొగాలు ఆయనకు తెలీవు. నువ్వన్నా చూస్తావనుకుంటి."

"చచ్చినవాణ్ణి తిప్పినట్టు తిప్పారు నన్ను."

"బతికుండావని సెప్పాలంటే దిగి నడువు. ఒగనాడు పోయి ఆ అరుగు మీద కూర్చో. లేచి నిలబడేది ఎట్లుంటాదో కూడా తెలుసుకో. మీ ఇంట్లో అది ఎవురికీ తెలీదు."

నేను బయటికి వచ్చేశాను. ఆ తర్వాత మళ్ళీ షెడ్డుకు పోలేదు. సార్ మాత్రం రోజూ వెళ్ళి సిలిండర్లు నింపి పెడుతున్నాడని విన్నాను. చలికాలంలో ఆయాసం ఎక్కువై చనిపోయాడు. ముందురోజు సాయంత్రం కూడా గాలి నింపి, షెడ్డు తలుపులు తెరిచే ఉంచి వెళ్ళాడట.

సమాధుల తోటలో మట్టి వేసి అందరితో పాటు తిరిగొస్తున్నాను. దారి ఆ వీధి గుండానే. పుట్టాక మొదటిసారి దానిలో నడిచాను. ఓబులమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవుర్నాయనా?"

"పెద్దింటి శేషునవ్వా."

"అట్లనా! బతికుండావా? రా, కూర్చో. సారు మట్టికి వస్తివా?"

కూర్చున్నాను. అరుగు రాయి వెచ్చగా ఉంది. ఆమె నీళ్ళ చెంబు ఇచ్చింది. తాగుతుండగా మలుపు దగ్గర కారు కనిపించింది.

అందులో ఎవరూ లేరు. షెడ్డు నుంచి వీధిదాకా వాలు ఉన్న మాట నిజమే. వాల్వు కారి ఉండొచ్చు, చక్రం కింద రాయి జారి ఉండొచ్చు. కానీ అది జారుతున్నట్టు రాలేదు. ఆ రోజు నేను నడిపినంత నెమ్మదిగా, వీధి మధ్యలో, సన్నగా శ్వాస వదులుతూ వచ్చింది. ఈసారి ఆ ఉస్సు అందరికీ వినిపించింది. వీధిలో మాట ఆగిపోయింది.

"సారు వస్తాండాడు," అంది ఓబులమ్మ. కర్ర ఆనుకుని లేచింది. అవతలి అరుగు మీది వాళ్ళు లేచారు. ఆ వరసంతా లేచింది. అందరితో పాటు నేనూ అరుగు దిగి నిలబడ్డాను. ఆ వీధిలో ఒకరి కోసం లేచి నిలబడటం నాకదే మొదలు.

కారు మమ్మల్ని దాటింది. పక్క సీటు వైపు కిటికీ అద్దం దించి ఉంది. వెనక గొట్టానికి మంచు పట్టి ఉంది. వీధి కొళాయి దగ్గరికి పోయి, గాలి అయిపోయి, ఒక నిట్టూర్పుతో ఆగింది. అప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు.

దాన్ని మళ్ళీ షెడ్డుకు తోసుకుపోయింది మేమే. తలుపు మూసేముందు వాల్వు చూశాను. గట్టిగా బిగించి ఉంది. చక్రం కింద పెట్టే రాయి గోడ పక్కన, కారు బయటికి తీసేటప్పుడు సార్ దాన్ని ఎప్పుడూ పెట్టే చోట, నిలువుగా ఆనించి ఉంది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ సిలిండర్లను మళ్ళీ నింపలేదు. జాతరకు మాత్రం ఏటా నడిచే పోతున్నాను. దారిలో ఓబులమ్మ అరుగు మీద కూర్చుని పోతాను.

పంక్చర్ షాపతను టైరుకు గాలి పట్టడం మొదలుపెట్టాడు. "కూర్చోండి సార్, ఇంగా అయిపోల్యా," అన్నాడు.

"ఫర్వాలేదప్పా," అన్నాను. "నిలబడతాను."