మూడో బ్యాక్ కోసం వాదించిన మా ఉస్తాద్

మొన్న శుక్రవారం పొద్దున నేను రైల్వే ఆఫీసులో కుర్చీలో కూర్చున్నానో లేదో, ఉస్తాద్ అల్లుడు సైకిలు మీద వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని మొహం చూడగానే విషయం అర్థమై లేచి బయటికి వెళ్లాను. "తెల్లారంగ పోయిండు సార్. జుమ్మా నమాజు అయినంక తీస్కపోతం. మీకు చెప్పాలని ముందే అని పెట్టిండు," అన్నాడు. జట్టులో ఇంకెవరెవరికి చెప్పమన్నారని అడిగాను. మీకూ, టైలర్ అన్నకూ, అంతే అన్నాడు.

ఆయన మా ఫుట్‌బాల్ ఉస్తాద్. బొల్లారంలో మాదొక చిన్న జట్టు. సికింద్రాబాద్ లీగులో రెండో డివిజన్‌లో ఆడుతూ, ఒక ఏడు కొంచెం పైకి, ఒక ఏడు అట్టడుగుకి పోతుండేది. ఈ మధ్య ఆ జట్టుకు కాస్త పేరొచ్చింది. పత్రికల్లో దాని గురించి రాసినప్పుడల్లా వెతికాను గాని, ఉస్తాద్ మాట ఎక్కడా లేదు. ఇక ముందు కూడా ఉండదని తెలిసే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆయనది మెదక్ వైపు పల్లె. ముస్లింలే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. వయసులో ఉండగా నిజాం ఫౌజులో చేరి, బయటికొచ్చాక ఒక సర్కారు బడిలో డ్రిల్లు మాస్టరుగా కుదిరారు. సాయంత్రం బడి వదలగానే మెడలో విజిల్ వేసుకుని బొల్లారం మైదానానికి వచ్చేవారు. జట్టులో ఎవరం ఏం గొప్పవాళ్లం కాదు. దర్జీ పనిచేసేవాడొకడు, రైల్వే వర్క్‌షాపు వాళ్లు కొందరు, పల్టను వంటశాలలో పనిచేసే అన్నదమ్ములిద్దరు, మా చర్చి వాళ్లం ముగ్గురం. నేను లెఫ్ట్ హాఫ్. దాదాపు అందరం ఉత్త కాళ్లతోనే ఆడేవాళ్లం.

ఆ రోజుల్లో ఏ జట్టైనా ఒకే తీరుగా నిలబడేది. గోల్ ముందు ఇద్దరు బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందు వరుసలో ఐదుగురు. దొరల పల్టన్లు అలాగే ఆడేవి, వాళ్లను చూసి మేమూ ఆడేవాళ్లం. ఉస్తాద్ దాన్ని మార్చారు. మధ్యలో ఉండే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి, ఇద్దరు బ్యాకుల నడుమ మూడో బ్యాక్‌గా నిలబెట్టాలన్నారు. ముందు వరుసలోంచి ఇద్దరు మధ్యకు దిగాలన్నారు. ఆ సంగతి మాకు చెప్పిన రోజున, గట్టు మీద మేం విడిచిన చెప్పులన్నీ తెచ్చి మట్టిలో వరసగా పరిచి చూపించారు. "మనకాడ గోల్ కొట్టేటోళ్లు ఇద్దరే ఉన్నరు. ముంగట ఐదుగురిని నిలవెడితే మిగతా ముగ్గురు తమాషా చూస్తరు. ముందుగాల ఇంటి తలుపు ఏస్కోండ్రి. బజారుకు తర్వాత పోదురు," అన్నారు.

మా సెంటర్ హాఫే దర్జీ. వెనక్కి పొమ్మన్నందుకు అతను అలిగి కొన్నాళ్లు మైదానానికే రాలేదు. మైదానమంతా కలియదిరిగే ఆటగాడికి అది కాళ్లు కట్టేసినట్టే. ఉస్తాద్ అతని కొట్టుకు వెళ్లి, కుట్టుమిషను పక్కన బల్ల మీద కూర్చుని చాలాసేపు ఏవేవో కబుర్లు చెప్పారట. లేచి వచ్చేటప్పుడు మాత్రం, "నువ్వు గోల్ కొడితే నీ పేరు చెప్పుకుంటరు. గోల్ ఆపితే ఎవ్వరు చెప్పరు. గది తెలిసే నిన్ను అడుగుతున్న," అన్నారట. మర్నాడు దర్జీ వచ్చాడు. ఆ ఏడాది మేం అట్టడుగు నుంచి వరుసలో నడిమికి చేరాం. మాకు అదే పండగ.

జట్టు సెక్రటరీకి మాత్రం ఈ తీరు ఎప్పుడూ నచ్చలేదు. ఆయనకు బజారులో బట్టల కొట్టు ఉంది. జట్టుకు బంతులు, బనీన్లు ఆయనే ఇప్పించేవారు. జనం గోల్స్ చూడటానికి వస్తారు గాని గోల్స్ ఆపడం చూడటానికి కాదని ఆయన వాదన. ప్రతి ఆట తర్వాత హోటల్లో చాయ్ ముందు కూర్చుని ఇద్దరూ దీని మీదే తగువులాడుకునేవారు. చివరికి ఒకరి చాయ్ ఒకరు తాగేసేవారు. ఆ తగువు వినడం మాకు ఆటంత ఇష్టంగా ఉండేది. వాళ్ల మధ్య అప్పుడు వేరే సంగతేమీ లేదు.

తర్వాత రజాకార్ల రోజులొచ్చాయి. ఆటలు ఆగిపోయాయి. సెక్రటరీ కుటుంబంతో బెజవాడ వెళ్లిపోతూ కొట్టు తాళాలు ఉస్తాద్ చేతిలో పెట్టారు. ఆయన రోజూ పొద్దున, సాయంత్రం వెళ్లి తాళం లాగి చూసి వచ్చేవారు. అప్పుడే రజాకార్లు ఆయన దగ్గరికి వచ్చి, తమ కుర్రాళ్లకు లాఠీ, కవాతు నేర్పమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నా విజిల్ బంతాటకే తప్ప ఇంకోదానికి మోగదని చెప్పారట. వారం తిరక్కుండానే అల్వాల్ దారిలో ఆయన్ని సైకిలు మీంచి లాగి కొట్టారు. ఎడమ మణికట్టు విరిగింది. అతికింది గాని, మళ్లీ ఎప్పుడూ సరిగా తిరగలేదు.

పోలీసు చర్య అయింది. ఊరు ఊపిరి పీల్చుకుంది, నేనూ పీల్చుకున్నాను. ఉస్తాద్‌ను మాత్రం మిలిటరీ వాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఫౌజులో పనిచేసినవాడు, డ్రిల్లు నేర్పేవాడు, ముస్లిం. అంతకన్నా ఎవరూ ఏమీ అడగలేదు. దర్జీ, నేను కలిసి సెక్రటరీ దగ్గరికి వెళ్లాం. ఆయన అప్పటికి తిరిగొచ్చి, చెక్కు చెదరని కొట్టు తెరుచుకుని కూర్చున్నారు. ఒక్కసారి మీరొచ్చి ఆఫీసరుతో జరిగింది చెబితే చాలని బతిమాలాం. కాలం మంచిది కాదని, తన మాట ఎవరు వింటారని అంటూ ఆయన తానులు మడత పెట్టుకున్నారు. చెయ్యి విరిగిన సంగతి మేమిద్దరమే వెళ్లి ఆఫీసరుకు చెప్పాం. రాసుకున్నట్టే కనిపించారు.

కొన్ని నెలల తర్వాత ఉస్తాద్‌ను వదిలేశారు. బడిలో ఉద్యోగం అప్పటికే పోయింది. ఇంటికొచ్చిన రెండో రోజునే మైదానానికి వచ్చి, గడ్డి ఇంతెత్తు పెరిగితే ఎవరూ కోయించలేదేమని మమ్మల్ని కోప్పడ్డారు. జైలు గురించి అడిగితే, "ఆడ జాగ చాలదు. ఐదుగురిని ముంగట పెట్టి ఆడరాదు," అని నవ్వారు. దాని గురించి ఆయన నాతో అన్న మాట అదొక్కటే.

లీగు మళ్లీ షురూ అవుతుందనగా, జట్టు ఎలా ఆడాలో తేల్చడానికని సెక్రటరీ కొట్టు వెనక గదిలో ఒక సాయంత్రం మీటింగు పెట్టారు. అంతకుముందు అలాంటి మీటింగులు ఉండేవి కావు. ఉస్తాద్ చెప్పింది మేం ఆడేవాళ్లం. ఆ రోజు గదిలో ఎప్పుడూ చూడని కమిటీ సభ్యులు కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన ఒక ట్రైనరు కూడా ఉన్నాడు. మూడో బ్యాక్ పిరికివాళ్ల ఆట అని అతను చెప్పాడు. ఇది కొత్త రాజ్యమని, వెనక్కి నక్కే రోజులు పోయాయని, ఇక ముందుకు దూకాలని సెక్రటరీ అందుకున్నారు. అందరూ తలలూపారు.

ఉస్తాద్ ఆట గురించే జవాబిచ్చారు. గడప అవతల ఉన్న చెప్పులు లోపలికి తెచ్చి, పనిచేసే ఆ ఒక్క చేత్తో నేల మీద పరిచారు. ఏ జట్టు మన మీద ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ ఖాళీ దొరుకుతుందో ఓపిగ్గా చెప్పుకుపోయారు. ఆయన చెబుతూ ఉండగానే కమిటీ సభ్యుడొకాయన వంగి, ఆ వరసలోంచి తన చెప్పులు తీసి కాళ్లకు వేసుకున్నాడు. ఉస్తాద్ పక్కవి జరిపి ఆ ఖాళీ పూడ్చి మళ్లీ మొదలుపెట్టారు.

నేను లేచి, ఇది నిజంగా ఆట గురించేనా అని సెక్రటరీని అడిగాను.

"మరి దేని గురించంటవు?" అన్నారాయన. నేను చెప్పాను, మణికట్టు సంగతి, తాళాల సంగతి. ఆ విషయాలు ఇక్కడ అనవసరమని ట్రైనరు అన్నాడు. చేతులెత్తమన్నారు. మూడో బ్యాక్ కోసం నేనూ, దర్జీ ఎత్తాం.

ఉస్తాద్ చెప్పులన్నీ ఏరి ఎవరివి వాళ్ల ముందు పెట్టారు. అప్పుడు సెక్రటరీ వైపు తిరిగి అన్నారు. "ఆటల ఓడిపోతే నాకు ఫికరు లేదు సాబ్. ఇంకోదాని గురించే అయితే ముందే కబురు పంపితే సరిపోతుండె. గింతసేపు అందరి టైం ఖరాబు చేయకపోతుంటి."

ఆ ఏడు ఐదుగురు ముందు నిలబడి ఆడి చిత్తుగా ఓడిపోయాం. తర్వాతి ఏడు ట్రైనరు ఎవరికీ చెప్పకుండా దర్జీని మళ్లీ వెనక్కి పంపాడు. అప్పట్నుంచి గెలుస్తూ వచ్చాం. మూడో ఏట షీల్డు కూడా వచ్చింది. కొత్త ట్రైనరు కొత్త ఆలోచనలు తెచ్చాడని పత్రికలో రాశారు. ఉస్తాద్ ప్రతి ఆటకూ వచ్చేవారు. తాడు బయట నేల మీద జనంలో కూర్చుని, ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "రైట్ బ్యాక్ జెర లోపలికి వస్తున్నడు, చూసినవా? నేనన్న అనకు. నువ్వే చెప్పు," అనేవారు. నేను చెప్పేవాణ్ని. అది కూడా ట్రైనరు ఖాతాలోకే పోయేది.

షీల్డు గెలిచినందుకు మైదానంలో టీ పార్టీ పెట్టారు. ఉస్తాద్‌ను పిలవలేదు. కాని ఆయన అక్కడే ఉన్నారు. ఉద్యోగం పోయాక మోండా బజారు దగ్గర షామియానాలు అద్దెకిచ్చే దుకాణంలో చేరారు. ఆ రోజు మా షామియానా వేయడానికి వాళ్లు ఆయన్నే పంపారు. నేను వెళ్లేసరికి ఎడమ చెయ్యి తిరగక, తాడు కొస పళ్లతో పట్టి ముడి బిగిస్తున్నారు. నేను తాడు అందుకోబోతే వద్దన్నారు. "గట్టిగ కట్టిన. గాలొచ్చినా పడదు. నువ్వు పోయి కూసో, ఫొటో తీస్తరంట," అన్నారు. లోపల ట్రైనరు మెడలో సెక్రటరీ దండ వేస్తుంటే చప్పట్లు వినిపించాయి. నేను ఫొటోలో లేను. దర్జీ కూడా లేడు. ముగ్గురం మైదానం అవతల హోటల్లో కూర్చుని చాయ్ తాగాం. ఆ సెక్రటరీకి ఆట మీద ప్రేమ లేదని నేనంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ఉన్నది. గందుకే మనసుకు తక్లీఫయితది," అన్నారు.

నేను క్షమించలేకపోయాను. ఆయన క్షమించారో లేదో కూడా నాకు తెలియదు. మంచి మనిషి కాబట్టి అన్నీ మరిచిపోయారని రాసేస్తే చదివేవాళ్లకు సుఖంగా ఉంటుంది గాని, పోయిన శీతాకాలం ఊపిరి ఆడక మంచం పట్టినప్పుడు, "చెప్పులు తొడుక్కున్నడు చూసినవా, నేను మాట్లాడంగనే," అని రెండుసార్లు అన్నారు. అన్నీ గుర్తున్నాయి ఆయనకు. ఆ మూడో బ్యాక్ తీరు నాకు నేర్పింది ఆయన. ఎదుటివాడు మాట్లాడుతుండగా లేచిపోకుండా కూర్చోవడం కూడా నేను ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

మధ్యాహ్నం బొల్లారం ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చాం. జట్టులోంచి దర్జీ, నేను, ఎవరో చెబితే తెలిసి పరుగెత్తుకొచ్చిన వంటశాల అన్నదమ్ములు. బయటికి వస్తుంటే గేటు దగ్గర సెక్రటరీ కనిపించారు. ఎండకు నెత్తిన చేతిరుమాలు కప్పుకుని నిలబడ్డారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చారనే అనుకుంటాను. లోపలికి ఎందుకు రాలేదని నేను అడగలేదు. నా మోచేయి పట్టుకుని కొంచెం పక్కకు తీసుకెళ్లారు.

"ట్రైనరుకు బదిలీ అయింది. ఆదివారం పెద్ద ఆట ఉన్నది. సెంటర్ హాఫ్‌ను వెనకనే ఉంచాల్నా, ముంగటికి పంపాల్నా? ఉస్తాద్ నీకేమన్నా చెప్పిండా?" అన్నారు.

చెప్పారు. పోయిన నెల మంచంలో కూర్చోబెట్టి దిండు వీపుకు పెడుతుంటే, ఆదివారం ఆట గురించి చెప్పాల్సిందంతా చెప్పారు. నేను మాత్రం సెక్రటరీకి ఏమీ చెప్పకుండా సైకిలు తీసుకుని రోడ్డెక్కాను. కొంచెం దూరం పోయి వెనక్కి చూస్తే ఆయన గేటుకు అడ్డంగా అక్కడే నిలబడి ఉన్నారు. ఉస్తాద్‌ను సాగనంపి బయటికొస్తున్న జనం ఆయనకు అటూ ఇటూ చీలి, ఎవరి దారిన వాళ్లు పోతున్నారు.