నేను చెరిపేసిన మాటల పట్టిక

ఒడిశాలోని జేకేపూర్ కాగితం మిల్లు కాలనీ పక్కనున్న బడిలో పన్నెండేళ్లపాటు కంప్యూటర్ పాఠం చెప్పింది నేనొక్కదాన్నే. ప్రింటరు మొరాయించినా, మౌస్ కదలకపోయినా అందరూ నన్నే పిలిచేవారు. మా పాత కంప్యూటర్లు కొత్త విండోస్‌ను మోయలేక వాటిలో దాని బదులు తేలికైన లైనక్స్ వేయించిన ఏడాది, గుణుపురం దగ్గరి రైతుల ఇంటి పిల్ల ఒకతె నాకు సహాయంగా చేరింది. నెల తిరక్కుండానే ఆ పిలుపులన్నీ ఆమెకు మళ్లాయి.

కాలనీ తెలుగు పిల్లలకు ఆమె చెప్పే తీరు తలుపు పక్కన నిలబడి వినేదాన్ని.

“సూడండి, వడ్లగింజ లోపల బియ్యం ఉంటాది కదా, లైనక్స్‌కి అదీ కెర్నెల్ అంటే. ఆ బియ్యంతో ఒకలు పులిహోర సేత్తారు, ఒకలు పాయసం సేత్తారు. అలా తలో రకంగా వండిందే డిస్ట్రో.”

నేనైతే పుస్తకంలోని ఇంగ్లిషు నిర్వచనం బోర్డు మీద రాసేదాన్ని. పిల్లల నవ్వులు వింటే ఒళ్లు మండేది.

ఇలాంటి మాటలన్నీ కూర్చి, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఆమె కంప్యూటర్లోనే ఒక పట్టిక తయారుచేసింది. హెడ్‌మాస్టరు దాన్ని అన్ని తరగతులకూ ఇద్దామన్నారు. రూట్ పాస్‌వర్డ్ మాత్రం ఆమె నా చేతికే ఇచ్చింది.

“రూటంటే ఇంటిపెద్ద మేడం. ఏటి సెప్తే అది జరిగిపోద్ది. మీ దగ్గరే ఉండాల.”

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు ఆ పాస్‌వర్డ్‌తోనే, ఆదేశాలు కొట్టే టెర్మినల్ తెరిచాను. ఒక్క వరుస కొట్టి పట్టికను చెరిపేశాను. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

కాసేపటికి ఆమె వచ్చింది. “నా ఫైలు కనపడ్డం లేదు మేడం. రూట్‌లోకెళ్లి ఒకపాలి సూద్దాం, పాస్‌వర్డ్ కొట్టండి.”

కొట్టాను. ఆమె పైబాణం మీట నొక్కింది. మనం కొట్టినవన్నీ టెర్మినల్ గుర్తుపెట్టుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను కొట్టిన వరుస తెర మీదికొచ్చింది. ఇద్దరమూ చదివాం.

అంతలో హెడ్‌మాస్టరు గుమ్మంలోకొచ్చి పట్టిక ఏదని అడిగారు.

“పొరపాట్న పోనాది సార్. మళ్లీ రాసిత్తాం,” అందామె.

ఆయన వెళ్లాక నెమ్మదిగా అడిగింది. “నామీద కోపమేటి మేడం?”

“కోపం కాదమ్మి, కుళ్లు,” అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆమె కీబోర్డు నావైపు జరిపింది. “మీరు కొట్టండి, నేను సెప్తాను.”

బడి గంట కొట్టేదాకా రాశాం. చివర్న ఇద్దరి పేర్లూ పెట్టమంది. ముందు ఆమె పేరు కొట్టాను. దాని కింద నా పేరు కొడుతున్నప్పుడు కూడా నా కుళ్లు పోలేదు.