ఇరవయ్యో చీటీ

మదనపల్లె ఆసుపత్రికి గుండె డాక్టరు మంగళవారం మాత్రమే వచ్చేవాడు. గుండె స్కానింగుకు ఇరవై చీటీలే ఇచ్చేవాళ్లు. మా అమ్మకు ఛాతీలో మంట. ఆ డాక్టరు హస్తవాసి మంచిదని ఎవరో చెప్పారు, అంతే, ఆయనకే చూపించమని పట్టు పట్టింది. బెంగళూరుకైనా తీసుకుపోగలిగినవాణ్ణి. ఆ రోజు కారేసుకుని తొమ్మిదింటికి తీరిగ్గా పోయాను. చీటీలు అప్పటికే అయిపోయాయి.

కౌంటరు దగ్గర నేను గొంతు పెంచి అరుస్తుంటే వెనకనుంచి ఒకామె వచ్చింది. మా ఊరి ఎస్సీ కాలనీ మనిషి, ఏళ్లుగా మా టమాటా తోటలో కూలికి వచ్చేది. రెండు నెలలుగా నాలుగడుగులు వేస్తే ఆయాసం. చౌడేపల్లెలో మొదటి బస్సెక్కి, పుంగనూరులో మారి వచ్చి, ఆఖరి చీటీ దక్కించుకుంది. చీటీ మీద నంబరే కానీ పేరుండదు. దాన్ని అమ్మ చేతిలో పెట్టింది.

"మీరు పోండమ్మా. నాదేముండాది, వచ్చే మంగళారం సూపించుకుంటా."

బోరు దగ్గరైనా అంగట్లోనైనా మేమొస్తే వాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఆసుపత్రిలో ఆ అవసరం లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వద్దులేవే అని అమ్మ ఒక్కసారి అంది. నేను ఆ మాటా అనలేదు.

అమ్మ గుండె గట్టిగా ఉందనీ, ఉన్నది గ్యాసేననీ డాక్టరు తేల్చేశాడు. దారిలో దోసెలు తిని ఇంటికొచ్చాం. ఆమెను కారులో ఎక్కించుకోవాలని కూడా నాకు తోచలేదు. ఛీ, ఏం మనిషిని!

మరుసటి మంగళవారం డాక్టరు రాలేదు. అంత తొందరైతే కుప్పం పెద్దాసుపత్రికి పొమ్మన్నారట కౌంటరులో. నాకది కారులో రెండు గంటల దారి. ఆమెకు మూడు బస్సులు, తోడెళ్లే మనిషి కూలి కూడా పోతుంది. తిరిగి ఇంటికే వచ్చింది. శనివారం మా తోటలోనే కాయలు కోస్తూ గంప పక్కన కూలబడింది. నేను కారు తీసేలోపే ప్రాణం పోయింది.

పలకరించడానికి వెళితే ఆమె మొగుడు లేచి నిలబడ్డాడు. నన్ను తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. అమ్మకు ఎట్లుండాదని అడిగాడు. గ్యాసని చెప్పడానికి నాకు నోరు రాలేదు. గుండెజబ్బేననీ, సమయానికి చూపించబట్టి బతికిందనీ అబద్ధం చెప్పాను.

అతని ముఖం కాస్త తేటపడింది.

"పోనీలేప్పా. దాని చీటీ ఊరికే పోలా" అన్నాడు.